చదువు అప్పు: తెచ్చినవారు, తీర్చినవారు

ఆధునిక ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల సామాజిక చరిత్రలో రైతు అప్పుల ప్రస్తావన తరచుగా వస్తుంది. విత్తనాలకు, ఎడ్లకు, శిస్తు కట్టడానికి, పెళ్ళిళ్ళకు, కోర్టు వ్యాజ్యాలకు చేసిన అప్పుల గురించి మీరు చదివే ఉంటారు. పిల్లల కాలేజీ చదువు కోసం తల్లిదండ్రులు చేసిన అప్పు గురించి మాత్రం చరిత్ర గ్రంథాల్లో పెద్దగా కనిపించదు. ఈ పాఠంలో ఆ అప్పును పరిశీలిద్దాం. ముందుగా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. చదువుకు డబ్బు ఎక్కడినుంచి వచ్చింది? ఆ డబ్బు తిరిగి చెల్లించే బాధ్యత ఎవరి మీద పడింది? మొదటి ప్రశ్నకు జవాబు కొంతవరకు సులభం. రెండోదానికి వచ్చిన జవాబు గత నూట యాభై ఏళ్లలో చాలా సార్లు మారింది. ఆ మార్పే ఈ పాఠానికి అసలు విషయం.

ఆకరాల గురించి ఒక మాట

చదువు అప్పు చరిత్రకు ఎక్కకపోవడానికి కారణం కాగితాల్లోనే ఉంది. ప్రామిసరీ నోటులో అప్పు ఎందుకు తీసుకున్నారో విడిగా రాసే అలవాటు లేదు. "నా కుటుంబ ఖర్చుల నిమిత్తం" అన్న ఒక్క మాటలో పెళ్లి, వైద్యం, చదువు అన్నీ కలిసిపోతాయి. అందువల్ల నోటు ఒక్కటే చూస్తే చాలదు. తేదీ చూడాలి, ఆ ఏడాది ఆ ఇంట్లో ఏం జరిగిందో అడగాలి.

ఉదాహరణకు మా ఇంటి కాగితమే చెబుతాను. మాది కృష్ణా కాలువ కింద మూడెకరాల మాగాణి ఉన్న కుటుంబం. నాన్నగారు పోయాక ఆయన ట్రంకుపెట్టెలో 1976 నాటి నోటు ఒకటి దొరికింది. అసలు 3,000 రూపాయలు, వడ్డీ నెలకు నూటికి రెండు రూపాయలు. కారణం దగ్గర మామూలు మాటే ఉంది. అయితే అది నేను డిగ్రీ చదువుకు పట్నం వెళ్లిన నెల. అప్పు ఇచ్చినాయన వృత్తిరీత్యా వడ్డీ వ్యాపారి కాదు, మా ఊళ్లోనే మాకంటే పెద్ద రైతు. డెల్టా గ్రామాల్లో అప్పిచ్చేవారు చాలామంది ఇలాంటివారే. అందువల్ల అప్పు ఒక లెక్కగా మాత్రమే ఉండదు, ఊళ్లో తలెత్తుకు తిరగడానికి సంబంధించిన విషయం కూడా అవుతుంది.

లెక్క చూడండి. "రెండు రూపాయల వడ్డీ" అంటే ఏడాదికి నూటికి 24 రూపాయలు. 3,000 రూపాయలకు నెలకు 60 రూపాయల వడ్డీ. నోటుకు కాలపరిమితి మూడేళ్లు. ఆలోగా కొంత సొమ్ము కట్టి నోటు వెనక చెల్లు వేయించాలి, లేదా నోటు తిరగరాయాలి. మూడేళ్లలో ఏమీ కట్టలేకపోతే వడ్డీ 2,160 రూపాయలవుతుంది. తిరగరాసేటప్పుడు అది అసలులో కలిసి 5,160 అవుతుంది. ఇకనుంచి వడ్డీ ఈ మొత్తం మీద నడుస్తుంది. నాన్నగారు ఆ నోటును ఒకసారి తిరగరాశారు. డిగ్రీ పూర్తయ్యేసరికి అప్పు ఎంతో నాకు తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచన కూడా అప్పట్లో రాలేదని ఒప్పుకోవాలి.

అప్పు కంటే ముందు: వారాలు, దాతలు

పంతొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి తెలుగు ప్రాంతంలో ఇంగ్లీషు చదువు వేళ్లూనుకుంది. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో పాఠశాల ప్రారంభించారు. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. విజయనగరంలో మహారాజులవారి కళాశాల, కాకినాడలో పిఠాపురం రాజావారి కళాశాల జమీందారుల ఆదరణతో నడిచాయి. జీతం కట్టగలిగిన కుటుంబాలు తక్కువ. బ్రాహ్మణ కుటుంబాల పేద పిల్లలకు ఒక పాత మార్గం ఉండేది: వారాలు చేసుకుని చదవడం. వారంలో ఒక్కో రోజు ఒక్కో ఇంట భోజనం. ఈ పద్ధతిలో అప్పు లేదు, కృతజ్ఞత మాత్రం ఉంది. కానీ ఆ మార్గం ఏ కులానికి తెరిచి ఉందో, ఏ కులానికి మూసి ఉందో మీకు చెప్పనక్కరలేదు.

నిజాం రాష్ట్రంలో పరిస్థితి వేరు. కాలేజీ చదువంటే హైదరాబాదు నగరానికి రావడమే. అక్కడ ఫీజు కంటే నివాసం, భోజనం పెద్ద ఖర్చు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపన జరిగింది. అదే ఏడాది రెడ్డి హాస్టలు కూడా మొదలైంది. కొత్వాలుగా పనిచేసిన రాజా బహద్దూర్ వెంకట్రామారెడ్డి పేరు దానితో ముడిపడి ఉంది. తరువాత ఇతర కులాల హాస్టళ్లూ వచ్చాయి. గ్రామంనుంచి వచ్చిన కుర్రవాడికి ఈ హాస్టళ్లు తిండి పెట్టడమే కాదు, తండ్రి చేయాల్సిన అప్పును కూడా తగ్గించాయి.

అప్పు పుట్టాలంటే తాకట్టుకు ఏదో ఒకటి ఉండాలి. భూమి లేనివారికి అప్పు పుట్టదు. అందుకే దళిత విద్యార్థుల చరిత్రలో తల్లిదండ్రుల అప్పు కంటే స్కాలర్‌షిప్ ముందు కనిపిస్తుంది. డాక్టర్ అంబేద్కర్ 1913లో బరోడా మహారాజు ఇచ్చిన ఆర్థిక సహాయంతో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. దానికి ప్రతిగా పదేళ్లు బరోడా సంస్థానంలో పనిచేస్తానని ఒప్పందం రాశారు. 1920లో లండన్ చదువు పూర్తి చేయడానికి తిరిగి వెళ్లినప్పుడు మిత్రుడు నావల్ భతేనా వద్ద 5,000 రూపాయలు అప్పు తీసుకున్నారు. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పులు 1944లో మొదలయ్యాయి. భూమి ఉన్న తండ్రికి ప్రోనోటు చేసిన పనిని భూమి లేని తండ్రికి ఈ స్కాలర్‌షిప్ చేయాల్సి వచ్చింది.

చదువుకున్నవాడి సంపాదన ఎవరిది?

కుటుంబం డబ్బు పెట్టి కొడుకును చదివిస్తే, ఆ కొడుకు సంపాదన మీద కుటుంబానికి హక్కు ఉంటుందా? ఇది ఇంట్లో వాదించుకునే ప్రశ్న మాత్రమే కాదు. ఒకప్పుడు హైకోర్టులు, ప్రీవీ కౌన్సిలు దీని మీద తీర్పులు చెప్పాయి.

మితాక్షర న్యాయం తెలుగువారికి కొత్తది కాదు. విజ్ఞానేశ్వరుని మితాక్షరను పదమూడో శతాబ్దంలోనే కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఈ న్యాయం ప్రకారం విద్య వల్ల వచ్చిన ధనం సంపాదించినవాడిది కావాలంటే, ఆ విద్య ఉమ్మడి సొమ్ము ఖర్చు కాకుండా వచ్చి ఉండాలి. గురుకులంలో చదివిన రోజుల్లో ఈ సూత్రం పెద్ద ఇబ్బంది పెట్టలేదేమో. వకాల్తా, వైద్యం, సర్కారు కొలువు వంటి జీతపు చదువులు రాగానే అదే సూత్రం కొత్త పదును సంతరించుకుంది. 1872లో మద్రాసు హైకోర్టు ఒక వకీలు సంపాదన మీద వచ్చిన వివాదంలో స్పష్టంగా చెప్పింది. కుటుంబ పోషణలో ఉంటూ, కుటుంబ ఖర్చుతో నేర్చిన విద్య వల్ల వచ్చిన మామూలు ఆదాయం పంపకానికి లోబడిందే అన్నది ఆ తీర్పు సారాంశం. పదేళ్ల తరువాత బొంబాయి హైకోర్టు కొంత మెత్తబడి, అక్షరాలు నేర్పడం వేరు, వృత్తికి కావలసిన ప్రత్యేక శిక్షణ ఇప్పించడం వేరు అని గీత గీసింది.

ఇంగ్లీషు చదువుకున్నవారికి ఇది నచ్చలేదు. మద్రాసు న్యాయవాది వి. భాష్యం అయ్యంగారు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో విద్యార్జిత ధనం సొంత ఆస్తే అని చెప్పే బిల్లును మద్రాసు శాసనమండలిలో పెట్టారు. మండలి ఒప్పుకున్నా గవర్నరు అంగీకారం దొరకలేదు. దీన్ని వ్యతిరేకించినవారి వాదనను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అన్నదమ్ముల్లో ఒకడిని చదివించడానికి మిగిలినవారు పొలంలో ఉండిపోయారు. చదివినవాడి జీతం మీద వారికి ఏ హక్కూ లేదంటే వారి కష్టానికి లెక్కేమిటి? ఈ ప్రశ్నకు సంస్కర్తల దగ్గర తృప్తికరమైన సమాధానం లేదని నా అభిప్రాయం.

1921లో ప్రీవీ కౌన్సిలు ముందుకు పంజాబుకు చెందిన ఒక కేసు వచ్చింది. కుటుంబ ధనంతో ఇంగ్లండులో చదివి ఐ.సి.ఎస్. అధికారి అయినవాని సంపాదన ఉమ్మడి ఆస్తే అని తీర్పు వచ్చింది. ఈ తీర్పు చదువుకున్న వర్గాల్లో పెద్ద కలకలం రేపింది. చివరకు ఎం.ఆర్. జయకర్ ప్రతిపాదించిన హిందూ విద్యార్జిత ధన చట్టం 1930లో అమలులోకి వచ్చింది. ఉమ్మడి సొమ్ముతో చదివినంత మాత్రాన ఆ విద్య వల్ల వచ్చిన ఆదాయం ఉమ్మడి ఆస్తి కాబోదని అది తేల్చింది. చట్టం ఇప్పటికీ అమలులో ఉంది.

ఇక్కడ కాసేపు ఆగండి. 1930 చట్టం కొడుకు జీతాన్ని కుటుంబం నుంచి విడదీసింది. కానీ చదువు కోసం తండ్రి రాసిన నోటును తండ్రి నుంచి విడదీయలేదు. నోటు మీద సంతకం ఆయనదే, తాకట్టు పెట్టిన భూమీ ఆయన చేతిలోదే. సంపాదన వ్యక్తిది అయింది, అప్పు కుటుంబం దగ్గరే మిగిలింది. ఆ తరువాత కొడుకు అప్పు తీర్చాడంటే అది చట్టం చెప్పినందుకు కాదు, మనసు చెప్పినందుకు. కొందరు తీర్చారు, కొందరు తీర్చలేదు.

అప్పు ఇంకో ఇంటికి వెళ్లడం

కొడుకు తీర్చకుండా, తండ్రి తీర్చకుండా అప్పు తీరిపోయే మార్గం ఇంకొకటి ఉంది. అదే వరకట్నం.

గురజాడ అప్పారావు కన్యాశుల్కం నాటకం 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది, 1909లో మారిన రూపంలో మళ్లీ వచ్చింది. అందులో అగ్నిహోత్రావధాన్లు కొడుకు వెంకటేశం ఇంగ్లీషు చదువుకయ్యే ఖర్చు మీద మండిపడతాడు. భార్య వెంకమ్మ తన పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూమి అమ్మి అయినా కొడుకును చదివిస్తానంటుంది. అదే ఇంట్లో కూతురు సుబ్బిని డబ్బు తీసుకుని ముసలివాడికి కట్టబెట్టే ప్రయత్నం జరుగుతుంది. చదువు ఖర్చు, స్త్రీ ఆస్తి, ఆడపిల్ల పెళ్లి ఒకే కప్పు కింద ఎలా ఉన్నాయో గమనించండి.

ఇంగ్లీషు చదువు పెరిగేకొద్దీ సొమ్ము నడిచే దిక్కు మారింది. పిల్లకు వెల కట్టిన కుటుంబాలే చదివిన వరుడికి వెల కట్టడం మొదలుపెట్టాయి. 1920ల నాటికి కాళ్లకూరి నారాయణరావు వరవిక్రయం నాటకంలో తండ్రి కూతురి పెళ్లికి భూమి అమ్ముకోవాల్సి వస్తుంది. చదువుకు చేసిన అప్పును కట్నంతో తీర్చుకోవడం చాలా కుటుంబాల్లో బాహాటంగా మాట్లాడుకున్న లెక్కే. పిల్లవాడిని ఇంత పెట్టి చదివించాం అన్నది బేరంలో మొదటి మాట. అయితే అప్పు నిజంగా తీరిందా? పెళ్లికొడుకు తండ్రి నోటు చిరిగిపోయింది, పెళ్లికూతురి తండ్రి కొత్త నోటు రాశాడు. అంతే తేడా. ఆంధ్రప్రదేశ్ 1958లోనూ, కేంద్రం 1961లోనూ వరకట్న నిషేధ చట్టాలు చేశాయి. అవి ఈ లెక్కను ఆపలేకపోయాయి.

మా ఇంటి నోటు సంగతి పూర్తి చేయాలి కదా. నేను కట్నం తీసుకోలేదని చాలాకాలం గర్వపడ్డాను. నోటు మాత్రం నా జీతంతోనూ తీరలేదు. 1980లో నాన్నగారు అరెకరం అమ్మి తీర్చారు. మా చెల్లెలు పదో తరగతితో చదువు ఆపిన ఏడాదీ అదే. ఇద్దరిని చదివించే స్తోమత లేదని అప్పట్లో అందరం అనుకున్నాం, చెల్లెలితో సహా. ఆ నోటులో ఆమె పేరు ఎక్కడా లేదు.

డొనేషన్ కాలం

స్వాతంత్ర్యం తరువాత కొంతకాలం చదువు ఖర్చు ప్రభుత్వం మీదకు జరిగింది. ప్రభుత్వ కళాశాలల్లో ఫీజులు నామమాత్రం. 1963-64లో భారత ప్రభుత్వం జాతీయ రుణ స్కాలర్‌షిప్ పథకం తెచ్చింది. ప్రతిభ ఉన్న పేద విద్యార్థికి వడ్డీ లేని అప్పు. చదివినవారు ఉపాధ్యాయ వృత్తిలో చేరితే ఏడాదికి పదో వంతు చొప్పున అప్పు మాఫీ అయ్యేది. అప్పును విద్యార్థి పేరు మీదనే రాసి, సమాజానికి చేసిన సేవతో తీర్చుకునే వీలు కల్పించిన ఆలోచన ఇది. దురదృష్టవశాత్తు వసూళ్లు సరిగా లేక పథకం నీరుగారిపోయింది.

డాక్టరు, ఇంజనీరు సీట్ల కోసం పోటీ పెరగడంతో తెలుగు తల్లిదండ్రులు సరిహద్దు దాటారు. మణిపాల్‌లో 1953లోనే ప్రైవేటు వైద్య కళాశాల వచ్చింది. తరువాతి దశాబ్దాల్లో కర్ణాటకలోని కళాశాలలకు డొనేషన్ కట్టి పిల్లలను పంపడం డెల్టా జిల్లాల్లో సంపన్న రైతులకు అలవాటైంది. ఎకరాల లెక్కన సీటు ధర చెప్పుకునేవారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1983లో కాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. 1992లో సుప్రీంకోర్టు విచారించిన మోహినీ జైన్ కేసులో కర్ణాటక ఫీజుల పట్టిక బయటపడింది. ప్రభుత్వ సీటుకు ఏడాదికి 2,000 రూపాయలు, ఇతర రాష్ట్రాల విద్యార్థికి 60,000.

మరుసటి ఏడాది, 1993 ఫిబ్రవరి 4న, ఉన్నికృష్ణన్ కేసు తీర్పు వచ్చింది. ఇందులో ప్రతివాది మన రాష్ట్రమే. వృత్తి విద్యా కళాశాలల్లో సగం సీట్లు ఉచిత సీట్లు, సగం చెల్లింపు సీట్లు అని కోర్టు పథకం వేసింది. ఒకరి తండ్రి చేసిన అప్పు మరొకరి పిల్లవాడి చదువుకు కూడా పనికివచ్చేలా ఏర్పాటు చేయడం ఇది. 2002 అక్టోబరు 31న పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం టి.ఎం.ఎ. పాయ్ కేసులో ఈ పథకాన్ని పక్కన పెట్టింది. లాభాపేక్ష, కాపిటేషన్ కూడదంటూనే ఫీజు నిర్ణయించే స్వేచ్ఛను కళాశాలలకు ఇచ్చింది.

బ్యాంకు నోటు

సరిగ్గా ఈ మలుపులోనే బ్యాంకులు వచ్చాయి. 2001లో ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ నమూనా విద్యారుణ పథకం తయారు చేసింది. దేశంలో చదువుకు 7.5 లక్షలు, విదేశీ చదువుకు 15 లక్షల వరకు రుణం. 4 లక్షల వరకు తాకట్టు అవసరం లేదు. చదువు పూర్తయిన ఏడాదికి, లేదా ఉద్యోగం వచ్చిన ఆరు నెలలకు వాయిదాలు మొదలయ్యేవి. ఈ పరిమితులు తరువాత పెరిగాయి.

ఈ పత్రంలో మొదటి సంతకం విద్యార్థిది, రెండోది తండ్రిదో తల్లిదో. ఇద్దరూ బాధ్యులే. 1930 చట్టం విడదీసిన రెండు చేతులను బ్యాంకు మళ్లీ ఒకే కాగితం మీద కలిపిందన్నమాట, ఈసారి సంపాదనలో వాటా కోసం కాదు, అప్పులో వాటా కోసం.

పాత నోటు లెక్కతో దీన్ని పోల్చి చూడండి. నాలుగేళ్ల కోర్సుకు ఏటా లక్ష చొప్పున, 12 శాతం సాధారణ వడ్డీకి తీసుకున్నారనుకుందాం. కోర్సు తరువాత ఒక ఏడాది గడువు. మొదటి లక్ష మీద ఐదేళ్లు, రెండో దాని మీద నాలుగు, మూడో దాని మీద మూడు, నాలుగో దాని మీద రెండేళ్లు వడ్డీ నడుస్తుంది. మొత్తం 1,68,000 రూపాయలు. అంటే మొదటి వాయిదా కట్టే రోజుకే అప్పు 5,68,000. ఊరి నోటుతో పోలిస్తే వడ్డీ సగమే, చెల్లు వేయించుకోవడానికి ఎవరి గుమ్మం ముందూ నిలబడనక్కరలేదు. ఇది తక్కువ మేలు కాదు. 2009-10 నుంచి తల్లిదండ్రుల వార్షికాదాయం 4.5 లక్షలకు మించని కుటుంబాలకు వాయిదాలు మొదలయ్యేదాకా అయ్యే వడ్డీని కేంద్రం భరించే పథకం కూడా వచ్చింది. కానీ ఊరి రైతు పంట పోయిన ఏడాది ఆగేవాడు. ఉద్యోగం రాలేదంటే బ్యాంకు క్యాలెండరు ఆగదు.

ఇదే కాలంలో ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కళాశాలలు వందల సంఖ్యలో వెలిశాయి. 2008-09లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ లక్షల కుటుంబాలను అప్పు నుంచి తప్పించింది. వెనుకబడిన కులాల కుటుంబాల్లో మొదటి ఇంజనీరు తరం చాలావరకు దీని వల్లనే వచ్చింది. ప్రభుత్వ నిధులు ఆలస్యమైనప్పుడు మాత్రం కళాశాల తండ్రినే అడుగుతుంది. ఆ తండ్రి చీటీ పాడతాడు, బంగారం కుదువ పెడతాడు, ప్రభుత్వోద్యోగి అయితే జి.పి.ఎఫ్. నుంచి తీస్తాడు. హాస్టలు, భోజనం ఖర్చులు ఎలాగూ ఉంటాయి. బ్యాంకు లెక్కల్లో కనిపించని చదువు అప్పు ఇదంతా.

అమెరికా ఎం.ఎస్. చదువుకు అప్పు పెద్దది కావడంతో తాకట్టుగా మళ్లీ స్థిరాస్తి ముందుకొచ్చింది. నూరేళ్ల క్రితం మాగాణి దస్తావేజు, ఇప్పుడు పట్నంలో ఇంటి దస్తావేజు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం దేశంలోని (మొదట 860) ప్రముఖ సంస్థల్లో చేరేవారికి తాకట్టు, హామీ లేకుండా రుణం ఇస్తానంటోంది. ఆ సంస్థల్లో సీటు రానివారి తల్లిదండ్రులకు ఇది వర్తించదు.

మీరు చేయవలసిన పని

మీ ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో చదువు కోసం చేసిన ఒక అప్పును ఎంచుకోండి. నోటు, తాకట్టు రసీదు, బ్యాంకు పాసుపుస్తకం, చీటీ పుస్తకం, ఏది దొరికినా సరే. తేదీ, అసలు, వడ్డీ, తీరిన తేదీ రాసుకోండి. తరువాత ఆ ఇంట్లోని పెద్దవారితో, ముఖ్యంగా ఆడవారితో మాట్లాడండి. ఆ అప్పు తీరడానికి ఏం అమ్మారు, ఎవరి పెళ్లి వాయిదా పడింది, ఎవరి చదువు ఆగింది అని అడగండి. కాగితంలో ఉన్న పేర్లు ఒక వరుసలో, కాగితంలో లేకపోయినా ఆ అప్పు మోసినవారి పేర్లు పక్క వరుసలో రాసి, రెండు పుటలకు మించకుండా మీ అధ్యయన కేంద్రంలో అందజేయండి. కుటుంబంవారికి అభ్యంతరమైతే పేర్లకు బదులు వరుసలు రాస్తే చాలు: తండ్రి, మేనమామ, అక్క, చెల్లెలు.